పండగ నాడు పరాయి ఊరు

విదేశీ ప్రయాణం పెట్టుకునేటప్పుడు మనవాళ్ళు చూసుకునేవి రెండే: ఇంట్లో అందరికీ సెలవు ఎప్పుడు, టికెట్ ఎంత. మనం దిగే రోజు అక్కడివాళ్ళకి ఏ రోజన్నది లెక్కలోకి రాదు. డిసెంబర్ 25న యూరప్‌లో ఏదో ఊళ్ళో దిగి, బస్సులు తిరగక, హోటళ్ళు తెరవక, గదిలోనే కూర్చున్న కుటుంబాల కథలు అందుకే వింటుంటాం. అలా ఊరంతా మూతపడే రోజు కోసమే కావాలని వెళ్ళేవాళ్ళూ ఉంటారు. ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరూ నాకు కావలసినవాళ్ళు. అత్తయ్యది గుంటూరు లూథరన్ కుటుంబం, హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆవిడ అన్నగారి కొడుకు హైదరాబాద్‌లో టికెట్లు, వీసాల పని చేస్తాడు. ఆవిడకి గ్రీసు దేశంలో ఈస్టర్ చూడాలని ఉంది. ఆ వారం తప్ప ఏ వారమైనా సరేనంటాడు అతను. వాదన వాళ్ళది, మధ్యలో వచ్చే నాలుగు ముక్కలూ నావి.

మేనల్లుడు: అత్తయ్యా, గ్రీసు వెళ్తామన్నారు, చాలా సంతోషం. వారం మాత్రం మార్చండి. మీరు రాసిచ్చిన తేదీల్లో వాళ్ళ ఈస్టర్ పడుతోంది.

అత్తయ్య: చూసుకునే రాశానయ్యా. అది పడాలనే రాశాను.

మేనల్లుడు: అయితే ఆ వారం అక్కడ ఎలా ఉంటుందో వినండి. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఏథెన్స్ ఖాళీ అయిపోతుంది. ఎవరి సొంతూరికి వాళ్ళు. పిరేయస్ రేవులో దీవులకెళ్ళే ఓడలన్నీ కిటకిట. మెల్‌బోర్న్ నుంచీ అమెరికా నుంచీ కూడా వాళ్ళవాళ్ళు ఇంటికొచ్చే రోజులవి, కాబట్టి విమానం టికెట్ దొరికితే గొప్ప, దొరికినా ధర మండిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం దాకా అక్రొపోలిస్ తెరవరు. శనివారం సాయంత్రం కాకముందే మూసేస్తారు. ఆదివారం అసలే లేదు. మనిషికి 30 యూరోల టికెట్, దానికి మళ్ళీ గంటల వారీ స్లాటు. తెరిచిన ఆ కాసేపట్లోనే అందరూ ఎగబడతారు. మీరూ మామయ్యా జీవితంలో ఒక్కసారి పెట్టుకుంటున్న ఖర్చు ఇది. మూసిన గేట్ల ముందు నిలబడటానికా?

అత్తయ్య: అక్రొపోలిస్ మీద పార్థినాన్ క్రీస్తుపూర్వం 432లో పూర్తయింది. నేను దాన్ని ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. అది ఎప్పుడైనా ఉంటుంది. శుక్రవారం రాత్రి వీధిలో వచ్చే ఊరేగింపు శుక్రవారం రాత్రే వస్తుంది.

మేనల్లుడు: ఏ ఊరేగింపు?

అత్తయ్య: ఎపితాఫియోస్ అంటారు. క్రీస్తు దేహం కుట్టి ఉన్న పట్టుగుడ్డని, చెక్కిన చెక్క మండపంలో పెట్టి మోస్తారు. గురువారం రాత్రి పన్నెండు సువార్త భాగాలు చదివాక ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళరు. గుళ్ళోనే ఉండిపోయి, తెల్లవార్లూ ఆ మండపాన్ని పూలతో కప్పుతారు. శుక్రవారమంతా చావుగంట మోగుతూనే ఉంటుంది. ప్రభుత్వ భవనాల మీద జెండాలు సగానికి దించుతారు. ఆ పూట చాలా ఇళ్ళల్లో వండేది ఉత్త పప్పు, అందులో చిరక పోసుకుంటారు, సిలువ మీద ఆయనకి అందించింది గుర్తుగా. రాత్రి ఏ పేటకి ఆ పేట గుడి నుంచి మండపం బయల్దేరుతుంది. బాల్కనీల్లోంచి జనం చూస్తారు, కొందరు దాని కిందుగా వంగి దాటుతారు. ఒక దేశం మొత్తం చావు ఇంట్లో ఉన్నట్టు ఉండే రోజు అది. నువ్వు చూపించే టికెట్ ధరల పట్టికలో ఈ సంగతి ఉందా?

మేనల్లుడు: నా పట్టికలో ఉండదు. దాని పక్కన ఇంకో పట్టిక పెడతాను. అక్టోబర్‌లో వెళ్ళండి. ఎండ తగ్గుతుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, హోటల్ ధరలు దిగొస్తాయి. మీరు బైబిల్లో చదివిన ఊళ్ళన్నీ వరసగా చూపిస్తాను. ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ, ఏథెన్స్‌లో పౌలు మాట్లాడిన అరేయొపగు బండ. కొరింథులో ఆయన్ని గల్లియోను ముందు నిలబెట్టిన వేదిక ఇప్పటికీ ఉంది, దాని మీద చెయ్యి వెయ్యొచ్చు. డెల్ఫీ మ్యూజియంలో ఆ గల్లియోను పేరున్న శాసనం ముక్కలున్నాయి. పౌలు కొరింథులో ఉన్నది క్రీస్తుశకం 51 ప్రాంతం అని పండితులు లెక్క కట్టింది ఆ రాతిని బట్టే. చరిత్ర టీచర్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

అత్తయ్య: (కాసేపు ఆగి) డెల్ఫీ శాసనం చూడాలనే ఉంది. నువ్వు గురి చూసి కొట్టావు. కానీ ఒకటి చెప్పు. ఫిలిప్పీలో ఇప్పుడు ఎవరున్నారు?

మేనల్లుడు: శిథిలాలు. పక్కన చిన్న ఊరు.

అత్తయ్య: పౌలు ఉత్తరం రాసింది రాళ్ళకి కాదు, అక్కడ కూడుకునే మనుషులకి. ఆ మనుషుల తర్వాతి తరాలు ఇంకా కూడుకుంటూనే ఉన్నాయి. టర్కుల పాలన కింద కూడా ఆ ఆరాధన ఆగలేదు. అదే గ్రీకు భాషలో, అదే వారంలో, అదే పాటలు. నేను కొరింథు వేదిక చూడకుండా తిరిగొస్తే బాధపడతాను. ఆ మనుషుల్ని చూడకుండా తిరిగొస్తే, వెళ్ళినట్టే ఉండదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మన దగ్గర అమ్మే పవిత్ర యాత్రల ప్యాకేజీల్లో ఎక్కువ భాగం రాళ్ళ చుట్టూ అల్లినవే. ఇక్కడ ఆయన నడిచాడు, ఇక్కడ నిలబడ్డాడు, ఫోటో తీసుకోండి, బస్సెక్కండి. ఆ దేశాల్లో ఇవాళ బతికున్న క్రైస్తవుల ఇంటి గుమ్మం దాకా ఆ బస్సు పోదు. అత్తయ్య అడిగిన ప్రశ్న ప్యాకేజీలు అమ్మేవాళ్ళంతా వినాల్సింది. మేనల్లుడి దగ్గర కూడా దీనికి జవాబు లేదు. కానీ అతని అసలు అభ్యంతరం ఇంకా బయటికి రాలేదు.

మేనల్లుడు: సరే, ధరల సంగతి వదిలేద్దాం. నన్ను ఆపుతున్నది ఇంకోటి. అడిగితే కోపం తెచ్చుకోరు కదా?

అత్తయ్య: నీ మీద ఎప్పుడు తెచ్చుకున్నాను? అడుగు.

మేనల్లుడు: గుంటూరులో ఈస్టర్ ముందురోజు మనవాళ్ళంతా సమాధుల తోటకి వెళ్తారు. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పేరుస్తారు. తెల్లారకముందే కొవ్వొత్తులతో వెళ్ళి పాడతారు. నాయనమ్మ సమాధి దగ్గర మీరు కూర్చుంటారు, ఎవరితోనూ మాట్లాడరు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు ఆ గేటు ముందు ఒక టూరిస్టు బస్సు ఆగిందనుకోండి. ముప్ఫైమంది దిగారు. మన పాట వాళ్ళకి తెలీదు, నాయనమ్మ ఎవరో తెలీదు. మీ మొహం మీద కొవ్వొత్తి వెలుగు బాగా పడుతోందని ఫోటో తీశారు. మీకెలా ఉంటుంది? గ్రీసులో మీరు ఆ బస్సు దిగే మనిషి అవుతారు అత్తయ్యా. అక్టోబర్‌లో మీరు టూరిస్టు, వాళ్ళు టికెట్ అమ్మేవాళ్ళు, లెక్క సరిపోతుంది. ఆ శుక్రవారం రాత్రి వాళ్ళు ఏడుస్తుంటారు, మీరు చూస్తుంటారు. ఏ రేటుకి టికెట్ కొంటే అది సరి అవుతుంది?

అత్తయ్య వెంటనే ఏమీ అనలేదు. పండగ ప్రయాణాల మీద వచ్చే పుస్తకాలూ వ్యాసాలూ నేను చాలా చదివాను. హోటల్ ఎన్ని నెలల ముందు తీసుకోవాలో చెప్తాయి, ఏ బాల్కనీ నుంచి బాగా కనిపిస్తుందో చెప్తాయి. అవతలివాళ్ళ దుఃఖాన్ని చూడటానికి మనకి హక్కేముంది అని అడిగినవి దాదాపు లేవు. టికెట్లు అమ్మి బతికే కుర్రాడు ఈ ప్రశ్న వెయ్యడం చూసి నాకు గౌరవం కలిగింది.

అత్తయ్య: నువ్వన్న మనుషులు వస్తే రెండు రకాలుగా రావచ్చు. గేటు దగ్గర కొవ్వొత్తి కొనుక్కుని, వెనకాల నిలబడి, పాట అయిపోయేదాకా కదలకుండా ఉన్నారనుకో, నేనే జరిగి చోటిస్తాను. మా అమ్మ కూడా అదే చేసేది. గుడికి కొత్త మనిషొస్తే బెంచీ మీద చివరికి జరిగేది. కెమెరా లైటు నా మొహం మీద వేస్తే, నేనే లేచి బయటికి పంపిస్తాను. వాళ్ళు క్రైస్తవులా కాదా, ఏ దేశం, అవేవీ నాకు అక్కర్లేదు. ఎలా నిలబడ్డారన్నదే చూస్తాను.

మేనల్లుడు: మీరు బాగానే నిలబడతారు. మీ పక్కన నిలబడే మూడొందల మంది?

అత్తయ్య: అదీ నిజమే. మూడొందల మంది ఎక్కడుంటారో అక్కడికి వెళ్ళకూడదు.

మేనల్లుడు: మీరు రాసిచ్చిన ఊరు కోర్ఫు. గ్రీసు మొత్తంలో ఈస్టర్‌కి జనం విరగబడే ఊళ్ళలో అది ముందుంటుంది.

అత్తయ్య: కోర్ఫు ఎందుకు రాశానో విను. వెనీస్ వాళ్ళు 1386 నుంచి 1797 దాకా ఏలిన దీవి అది. 1574లో ఆర్థడాక్స్ వాళ్ళ శుక్రవారం ఊరేగింపు మీద వాళ్ళు ఆంక్ష పెట్టారు. సెయింట్ స్పిరిడాన్ గుడివాళ్ళు ఏం చేశారంటే, తమ ఎపితాఫియోస్‌ని శనివారం పొద్దున ఆ పునీతుడి దేహంతో చేసే ఊరేగింపులో కలిపేసుకున్నారు. వెనీస్ వాళ్ళు పోయి రెండొందల ఏళ్ళు దాటింది. ఆ గుడి మండపం ఇప్పటికీ శనివారమే బయటికొస్తుంది. ఆంక్ష పోయినా, ఆంక్షని దాటిన దారి మాత్రం మిగిలింది. ఇక బ్యాండ్లు. 1840లో పెట్టిన పాత ఫిల్‌హార్మోనిక్ ఎర్ర బట్టల్లో వచ్చి శుక్రవారం రాత్రి అల్బినోని పేరున ఉన్న అడాజియో వాయిస్తుంది. 1890లో మొదలైన మాంజారోస్ బ్యాండ్ నీలం బట్టల్లో వచ్చి వెర్డి శవయాత్ర సంగీతం వాయిస్తుంది. ఆ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక్కో గుడి మండపం ఒక్కో వేళకి బయల్దేరుతుంది. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి అక్కడ క్రికెట్ కూడా ఆడతారు, మీ మామయ్యకి ఆ ఒక్క మాట చాలు.

మేనల్లుడు: శనివారం పదకొండింటికి ఏం జరుగుతుందో మీరు చెప్పలేదు.

అత్తయ్య: కుండలు పగలగొడతారు.

మేనల్లుడు: బాల్కనీలకి ఎర్ర గుడ్డలు కట్టి, నీళ్ళు నింపిన పెద్ద పెద్ద మట్టికుండలు పైనుంచి వీధిలోకి వదులుతారు. ఎందుకంటే ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్తారు. వెనీస్ వాళ్ళ కొత్త సంవత్సరం ఆచారం అని కొందరు, ఇంకేదో అని కొందరు. ఊరివాళ్ళకి అది సంబరం, నేను కాదనను. కానీ సగం యూరప్ ఆ గంట కోసమే వస్తుంది. బాల్కనీ ఉన్న గదికి ఏడాది ముందు నుంచే పోటీ. రాళ్ళు పరిచిన వీధుల్లో ఆ తొక్కిసలాటలో మామయ్య మోకాళ్ళు ఏమవుతాయి? అడాజియో వింటారు సరే, మీకూ బ్యాండుకీ మధ్య పైకెత్తిన ఫోన్లే ఉంటాయి.

అత్తయ్య: (నెమ్మదిగా) ఆ ఆంక్ష కథ కోసం నేను అక్కడికెళ్ళాలనుకున్నాను. ఆ కథ ఇక్కడ కూర్చుని కూడా చదువుకోవచ్చు. కుండలు చూడటానికొచ్చిన జనంలో నేనొకదాన్నైతే, నీ బస్సు దిగిన మనిషినే అవుతాను. కోర్ఫు కొట్టెయ్యి.

మేనల్లుడు: కొట్టేస్తున్నాను. అయితే అక్టోబర్ రాయనా?

అత్తయ్య: కోర్ఫు కొట్టెయ్యమన్నాను, ఈస్టర్ కొట్టెయ్యమనలేదు. ఇంకో మాట విను. నన్ను నేను చాలాసార్లు అడిగిన మాట ఇది. శ్రమల వారంలో సొంత గుడి వదిలి పరాయి దేశం పోవచ్చా? 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన నాటి నుంచి ఉన్న సంఘం మాది. మట్టలాదివారం నాడు ఈత మట్ట పట్టుకోకుండా, శుక్రవారం ఏడు మాటల ఆరాధనలో మూడు గంటలూ కూర్చోకుండా, ఆదివారం ప్రభు భోజనం తీసుకోకుండా నాకు ఏ ఈస్టరూ గడవలేదు. మీ మామయ్య పాడే కోరస్ గొంతు లేకపోతే అయ్యగారు వెనక్కి తిరిగి చూస్తారు.

మేనల్లుడు: నా పక్షానికి మీరే బలం ఇస్తున్నారు.

అత్తయ్య: ఆగు. అందుకే 2027 పెట్టాను. ఆ ఏడాది మన ఈస్టర్ మార్చి 28. వాళ్ళది మే 2.

మేనల్లుడు: ఐదు వారాల తేడా!

అత్తయ్య: వాళ్ళు పండగ తేదీని పాత జూలియన్ లెక్క ప్రకారం కడతారు. ఈ శతాబ్దంలో ఆ క్యాలెండర్ మనదానికి 13 రోజులు వెనక ఉంది. పున్నమి లెక్క కూడా వేరు. రెండూ కలిసి ఒక్కోసారి వారం తేడా వస్తుంది, ఒక్కోసారి ఐదు వారాలు, ఒక్కోసారి అసలు తేడానే ఉండదు. 2025లో రెండూ ఏప్రిల్ 20నే వచ్చాయి. నీసియా సభ జరిగి 1700 ఏళ్ళయిన సంవత్సరం కూడా అదే. క్రైస్తవులంతా పండగ ఒకే రోజు చేసుకోవాలని 325లో తీర్మానించింది ఆ సభే. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా ఆ పని ఇంకా కొలిక్కి రాలేదు. 2028లో మళ్ళీ రెండూ ఏప్రిల్ 16నే. అప్పుడైతే గుంటూరు వదిలి నేను కదలను. 2027లో మాత్రం మన గుళ్ళో మన పండగ పూర్తిగా చేసుకుని, నెల తర్వాత వాళ్ళ పండగకి చుట్టపు చూపుగా వెళ్ళొచ్చు. చుట్టం తన ఇంటి పండగ ఎగ్గొట్టి రాకూడదు, అంతే కదా?

మేనల్లుడు: తేదీ బాగా చూశారు, ఒప్పుకుంటున్నాను. అయితే నేనూ ఒకటి చెప్పాలి. మే 1 మేడే. వాళ్ళ పెద్ద శనివారం సరిగ్గా ఆ రోజే పడింది. ఏటా మ్యూజియాలూ శిథిలాలూ మూసే రోజుల జాబితాలో మేడే ఒకటి, ఈస్టర్ ఆదివారం ఒకటి. 2021లోనూ 2024లోనూ మేడే ఆ వారంలో పడితే, సెలవుని పండగ తర్వాతి మంగళవారానికి జరిపారు. ఈసారీ జరపొచ్చు. అంటే వరసగా సెలవులే. మీరు చూడాలనుకునే రాళ్ళన్నీ గురువారం లోపలే చూసెయ్యాలి.

అత్తయ్య: గురువారం కొరింథు.

మేనల్లుడు: ఇంకొకటి. అడగడం నా వల్ల కాదు గానీ అడగాలి. ఆదివారం వాళ్ళు మీకు ప్రభు భోజనం ఇవ్వరు. ఆర్థడాక్స్ బాప్తిస్మం ఉన్నవాళ్ళకే అది. అర్ధరాత్రి దాకా నిలబడి, అందరూ వరసలో వెళ్తుంటే మీరు పక్కకి తప్పుకోవాలి. సంఘంలో పెద్దరికం ఉన్న మనిషి మీరు. అది మీకు ఎలా ఉంటుంది?

అత్తయ్య: నొప్పిగానే ఉంటుంది. అబద్ధం ఎందుకు చెప్తాను? అది వాళ్ళ ఇంటి పద్ధతి. వెయ్యేళ్ళ నాటి చీలిక నన్ను చూసి మానదు. ఆరాధన చివర అందరికీ పంచే దీవించిన రొట్టె ముక్క ఉంటుంది, అది పరాయివాళ్ళకీ ఇస్తారు. ఇస్తే తీసుకుంటాను. ఆ పక్కకి తప్పుకోవడం కూడా నేను చూడాల్సిందే. మన గుళ్ళో కూడా ఎవరో ఒకరు అలా పక్కకి తప్పుకునే ఉంటారు, నేను ఎప్పుడైనా అటు చూశానా?

ఈ జవాబు విన్నాక నేను పూర్తిగా అత్తయ్య పక్షం. పండగ నాడు వెళ్ళేవాళ్ళు తమకి అందనివి కూడా ఉంటాయని తెలిసి వెళ్ళాలి. అన్నీ అందాలనుకునేవాళ్ళకి మేనల్లుడి అక్టోబరే మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు. ఆ నెలలో గ్రీసు ఎంతో అందంగా ఉంటుంది.

మేనల్లుడు: అయితే నా పని నన్ను చెయ్యనివ్వండి. దీవి వద్దు, ఓడ వద్దు. ఏథెన్స్ నుంచి బస్సులో పోయే ఊరు నాఫ్ప్లియో. 1829 నుంచి 1834 దాకా ఆ దేశానికి రాజధాని. కొరింథు దారిలోనే తగులుతుంది. అక్కడ కూడా జనం ఉంటారు, ఏథెన్స్ నుంచి వచ్చేవాళ్ళు ఉంటారు, కానీ ఎక్కువమంది వాళ్ళవాళ్ళే. సముద్రం ఒడ్డున చదునైన దారి, మామయ్య నడవగలరు. గురువారం నుంచి సోమవారం దాకా ఒకే గది, కదలొద్దు. వంటగది ఉన్నది చూస్తాను.

అత్తయ్య: వంటగది ఎందుకు?

మేనల్లుడు: ఆదివారం ఏం తింటారు మరి? నలభై రోజుల ఉపవాసం విడిచి ఊరంతా ఎవరి పెరట్లో వాళ్ళు గొర్రెపిల్లని ఊచకి గుచ్చి కాలుస్తుంటారు. మిగతా ఊళ్ళో చాలా తలుపులు మూసే ఉంటాయి. శనివారం మధ్యాహ్నానికల్లా కూరలూ రొట్టెలూ కొని పెట్టుకోవాలి. ఆ రాత్రి మాత్రం తిండికి లోటు ఉండదు. గుడి నుంచి రాగానే వాళ్ళు తినేది మాయిరిత్స, గొర్రెపిల్ల కాలేయం, బోటి వేసి నిమ్మరసం, గుడ్డు కలిపి కాచే పులుసు. హోటల్లోనే పెట్టేది చూస్తాను. కాస్త పడుకుని వెళ్ళండి, ఆరాధన అర్ధరాత్రికి కదా.

అత్తయ్య: ఆ అర్ధరాత్రి గురించి నీకేం తెలుసు?

మేనల్లుడు: లోపల దీపాలన్నీ ఆర్పేస్తారు. అయ్యగారు ఒక్క కొవ్వొత్తితో బయటికొస్తారు. దాన్నుంచి ముందువరస, వాళ్ళ నుంచి వెనకవరస, అలా వీధి దాకా వెలుగుతుంది. ఆ నిప్పు యెరూషలేములో పవిత్ర సమాధి నుంచి ఆ సాయంత్రమే విమానంలో వస్తుంది. ఏథెన్స్ విమానాశ్రయంలో దానికి దేశాధినేతకి ఇచ్చినట్టు సైనిక వందనం ఇస్తారు. అక్కడి నుంచి మిగతా ఊళ్ళకి పంచుతారు. ‘క్రిస్తోస్ అనెస్తీ’ అనగానే టపాసులు. ఇంకో నిజం కూడా చెప్తాను. ఆ మాట వినగానే ఎక్కువమంది ఇళ్ళకి బయల్దేరిపోతారు. అసలు ఆరాధన ఆ తర్వాతే మొదలవుతుంది, దానికి మిగిలేది కొద్దిమంది.

అత్తయ్య: మేం మిగులుతాం. అప్పుడు మామయ్యకి కుర్చీ కూడా దొరుకుతుంది. ఆరిపోకుండా ఆ వెలుగు ఇంటికి తీసుకెళ్ళి, దాని పొగతో గుమ్మం పైన సిలువ గుర్తు వేసుకుంటారట. మనది కాని గది గుమ్మం మీద మేం వెయ్యం, భయపడకు.

మేనల్లుడు: ఇక కాగితాలు. షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు. మీరు ఏప్రిల్ 27న బయల్దేరితే 2026 అక్టోబర్ చివరి వారం నుంచి తలుపు తెరిచినట్టే. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, వాళ్ళకి అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. అందుకని సంక్రాంతి దాటకుండా పెట్టేద్దాం. మనిషికి 90 యూరోల ఫీజు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా. పాస్‌పోర్ట్ గడువు తిరిగొచ్చిన రోజు నుంచి ఇంకో మూడు నెలలైనా ఉండాలి, మామయ్యది ఓసారి తీసి చూడండి. అక్కడ దిగాక ఫోటో తీసుకుంటారు, 2025 అక్టోబర్ నుంచి వచ్చిన కొత్త పద్ధతి. క్యూ ఉంటుంది, కంగారు పడొద్దు. దరఖాస్తుతో పాటు ఏ రోజు ఎక్కడుంటారో వరసగా రాసివ్వాలి. గురువారం కొరింథు, నాఫ్ప్లియో. శుక్రవారం ఊరేగింపు. శనివారం అర్ధరాత్రి ఆరాధన. సోమవారం ఏథెన్స్, మంగళవారం తెరిచి ఉంటే అక్రొపోలిస్. ఆదివారం ఏం రాయను? పొద్దంతా ఖాళీ.

అత్తయ్య: ఆదివారం సాయంత్రం ఆరాధన అని రాయి. అగాపె ఆరాధన అంటారు. పునరుత్థానమైన సాయంత్రం ఆయన శిష్యుల మధ్యకి వచ్చిన భాగం, యోహాను ఇరవయ్యో అధ్యాయం, గ్రీకుతో మొదలుపెట్టి ఎన్నో భాషల్లో చదివిస్తారు. ఆ గుళ్ళో ఏ ఏ భాషలవాళ్ళు దొరికితే ఆ భాషల్లో.

మేనల్లుడు: మిమ్మల్ని తెలుగులో చదవమంటారనా అత్తయ్యా? వాళ్ళకి తెలుగని ఒక భాష ఉందనైనా తెలుసో లేదో.

అత్తయ్య: నా చేతిసంచిలో తెలుగు కొత్త నిబంధన ఉంటుంది. అడిగితే చదువుతాను. అడగకపోతే వెనకాల నిలబడి వింటాను.

మేనల్లుడు: రాశాను. కానీ నేనింకా అక్టోబర్ అనే అంటాను.

అత్తయ్య: అక్టోబర్‌లో నువ్వూ అమ్మాయీ వెళ్ళండి. డెల్ఫీ శాసనం దగ్గర నిలబడి, గల్లియోను పేరు ఏ వరసలో ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఇప్పుడు మామయ్య పాస్‌పోర్ట్ బీరువాలో ఎక్కడుందో వెతకాలి, కాస్త ఆ స్టూలు ఇలా జరుపు.